చలి పొద్దున పాత ట్రాక్టరు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనందరికీ నకారా కేసు గుర్తుకు వస్తుంది. పెన్షన్ అనేది యజమాని దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ విషయం నాకంటె బాగా తెలిసిన పెద్దలు ఇంతకు ముందే వివరించారు. డి.ఏ. బకాయిల గురించి కార్యదర్శిగారు చివర్లో చెబుతారు, కనుక ఎవరూ లేచి వెళ్ళరని నాకు ధైర్యం. మధ్యలో నన్ను ట్రాక్టరు గురించి మాట్లాడమన్నారు.

ఇదేమి విషయం అని కొందరు నవ్వుతున్నారు. పోయిన నెల లైఫ్ సర్టిఫికెట్లు ఇచ్చిన రోజున మన ఆఫీసు గదిలో టీ తాగుతూ కూర్చున్నప్పుడు, ఊళ్ళో ఇంకా రెండు మూడు ఎకరాలు మిగిలి ఉన్నవాళ్ళు అయిదారుగురు ఒకే మాట చెప్పారు. ‘చలికాలం వచ్చింది, బండి పట్టుకుంటలేదు.’ ఒకరు ముప్పై ఏళ్ళ బండి, ఒకరు ఇరవై అయిదేళ్ళ బండి. ఒకాయన అయితే డెబ్భై రెండేళ్ళ వయసులో తానే స్వయంగా హ్యాండిల్ వేసి తిప్పానని గర్వంగా చెప్పారు. నాకు ఆ మాట వినగానే భయం వేసింది. అందుకే ఒప్పుకున్నాను.

నేను మెకానిక్‌ను కాను. ఎల్.డి.సి.గా చేరి సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. సర్వీసులో చాలాకాలం జీపు, ట్రాక్టరు లాగ్ బుక్కులు నా బల్ల మీదే ఉండేవి. ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని లీటర్లు తాగింది, ఆయిలు ఎప్పుడు మార్చారు అని రాయడం నా పని. డ్రైవరుగారు చదువుకోలేదు గాని ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలిగేవారు. ఆయన చెబుతుంటే నేను రాసేవాణ్ణి. ముప్పై ఏళ్ళు రాస్తే ఎంతో కొంత అంటుకుంటుంది కదా. తరువాత మా ఇంటికే ఒక పాత మూడు సిలిండర్ల బండి వచ్చింది. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే దాని సుగుణాలు కంపెనీవి, దుర్గుణాలు మావి.

మా సూరారం సంగతి ఇక్కడి పాతవాళ్ళకు తెలుసు. ఇటు జీడిమెట్ల ఫ్యాక్టరీలు, అటు దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ, మధ్యలో మా ఊరు. ఇప్పుడు చూసేవాళ్ళకు కాలనీలు, ఆసుపత్రి, ట్రాఫిక్ తప్ప ఏమీ కనిపించదు గాని, ఈ కుత్బుల్లాపూర్, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమంతా ఒకప్పుడు ద్రాక్షతోటలకు ప్రసిద్ధి. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష హైదరాబాదు పేరుతోనే అమ్ముడయ్యేది. దసరా తరువాత కొమ్మలు కత్తిరించేవారు. కొత్త చిగురు వచ్చిన తరువాత మంచు పడినా, మబ్బు పట్టినా బూజు తెగులు భయం. పొద్దున్నే ట్రాక్టరుకు స్ప్రేయరు తగిలించి మందు కొట్టాలి. బండి పట్టుకోకపోతే తెగులు ఆగదు. అట్లే యాసంగి నాట్లు. జనవరిలో కేజ్‌వీళ్ళు వేసి దమ్ము చేయాలి. నాటు వేసే ఆడవాళ్ళు ఎనిమిది గంటలకు గట్టు మీదికి వచ్చి కూర్చుంటారు. మడి తయారు కాకపోతే వాళ్ళ కూలీ మన నెత్తిన పడుతుంది, నారు ముదురుతుంది. చలి పొద్దున బండి పట్టుకోవడం అనేది సరదా విషయం కాదు. సూరారంలో మా పొలం ప్లాట్లు అయి చాలాకాలమైంది. ఇప్పుడు మేడ్చల్ అవతల మూడెకరాలున్నాయి, అక్కడే ఆ బండి ఉంది.

ఇక అసలు మాట. మన దగ్గర చలి ఎంత? హైదరాబాదులో వాతావరణ శాఖవారు నమోదు చేసిన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8వ తేదీన. మామూలు సంవత్సరాలలో డిసెంబరు, జనవరిలలో పదికీ పదిహేనుకూ మధ్య ఉంటుంది. ఊరి బయట చెట్లు, చెరువులు ఉన్నచోట సిటీ కంటె రెండు మూడు డిగ్రీలు తక్కువ. ఇది మనకు చలి. డీజిల్ ఇంజనుకు ఇది చలి కాదు. ఆరోగ్యంగా ఉన్న డీజిల్ ఇంజను పది డిగ్రీల దగ్గర ఏ సహాయమూ లేకుండా పట్టుకోవాలి. లడఖ్‌లో చూడండి. అక్కడ మామూలు డీజిల్ గడ్డకట్టిపోతుందని 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ వారు మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని ప్రత్యేక డీజిలు తీసుకువచ్చారు. అది చలి అంటే.

కనుక నా అభిప్రాయం ఇది. మే నెలలో పట్టుకున్న బండి డిసెంబరులో పట్టుకోకపోతే తప్పు చలిది కాదు. బండిలో ఏదో లోపం ఎండాకాలమంతా దాక్కుని ఉంది, చలి దానిని బయటపెట్టింది. మనం మాత్రం చలిని తిడుతూ గడ్డి మంటలు వేస్తాము, పెట్రోలు గుడ్డలు పెడతాము. ఆ లోపం మాత్రం అట్లాగే ఉంటుంది.

ఇది అర్థం కావాలంటే డీజిల్ ఇంజను ఎట్లా మండుతుందో కొంచెం చెప్పాలి. పెట్రోలు బండికి నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉంటుంది. డీజిల్ బండికి అది లేదు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం మీ అందరికీ అనుభవమే. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిలు చిమ్మితే దానంతట అదే మండుతుంది. జర్మనీ దేశపు రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతంగా నడిపి చూపించిన ఇంజనులోని సూత్రం ఇదే. మన ట్రాక్టర్లలో గాలి దాదాపు పదహారు పదిహేడో వంతుకు నొక్కబడుతుంది.

గుమాస్తాను కనుక ఒక లెక్క వేసి చూశాను. కాగితం మీది లెక్క ప్రకారం బయట 27 డిగ్రీలున్నప్పుడు లోపలి గాలి సుమారు 650 డిగ్రీలకు వెళ్ళాలి. బయట 10 డిగ్రీలైతే సుమారు 600. అంటే బయట ఒక డిగ్రీ తగ్గితే లోపల మూడు డిగ్రీలు తగ్గుతుంది. అయినా 600 తక్కువేమీ కాదు, డీజిల్ మండడానికి కావలసినదానికంటె ఎక్కువే. మరి ఎందుకు మండదు? కాగితం మీద గాలి కారిపోదు, వేడి చల్లారదు. అసలు ఇంజనులో రింగులు అరిగితే గాలి పక్కల నుంచి జారిపోతుంది. వాల్వులు సరిగా కూర్చోకపోతే అక్కడినుంచి పోతుంది. ఇక సెల్ఫ్ నెమ్మదిగా తిప్పితే, నొక్కిన గాలి చల్లని ఇనుప గోడలకు వేడినంతా ఇచ్చేసి చల్లారిపోతుంది. నిమిషానికి కనీసం నూరు చుట్లకు పైగా తిరగాలి. ‘గుయ్... గుయ్...’ అని ముక్కుతూ తిరిగితే సాయంత్రం దాకా తిప్పినా పట్టుకోదు.

కనుక బండి పట్టుకోనప్పుడు మొదట చేయవలసిన పని సెల్ఫ్ కొట్టడం కాదు. ఒక మనిషి సెల్ఫ్ కొడుతుంటే ఇంకొక మనిషి సైలెన్సరు వైపు చూడడం. మా డ్రైవరుగారు నేర్పిన మొదటి పాఠం ఇదే. తెల్లపొగ వస్తున్నదంటే డీజిలు లోపలికి చేరుతోంది గాని మండడం లేదు, అంటే వేడి చాలడం లేదు. బ్యాటరీ, సెల్ఫ్, రింగులు, వాల్వులు చూసుకోవాలి. ఏ పొగా రావడం లేదంటే డీజిలే అందడం లేదు. ట్యాంకు కాక్, ఫిల్టరు, గాలి పట్టడం, లేదా ఆపే నాబ్ లాగి అట్లాగే వదిలేయడం. నవ్వకండి, మూడో వంతు కేసులు ఆ నాబ్‌వే. నల్లపొగ వస్తే గాలి అందడం లేదు, ఎయిర్ క్లీనరు చూడాలి. ఒక్క నిమిషం పొగ చూస్తే అరపూట శ్రమ తప్పుతుంది.

అన్నిటికంటె ఎక్కువ సతాయించేది బ్యాటరీ. దాని గురించి కాస్త నిదానంగా చెబుతాను.

బ్యాటరీలో జరిగేది రసాయన చర్య. చలికి అది మందగిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ శక్తి అయిదో వంతు పైగా తగ్గిపోతుంది. మన పది డిగ్రీలలో అంత తగ్గదు గాని కొంత తగ్గుతుంది. అదే సమయంలో ఇంజనాయిలు చిక్కబడి ఇంజను తిరగడానికి ఎక్కువ బలం కావాలి. ఒకవైపు రాబడి తగ్గింది, ఒకవైపు ఖర్చు పెరిగింది. పెన్షనర్లకు ఇంతకంటె వివరించనక్కరలేదు. కొత్త బ్యాటరీ ఈ తేడాను తట్టుకుంటుంది. నాలుగైదేళ్ళ పాత బ్యాటరీ తట్టుకోలేదు.

బ్యాటరీ కొనమని మెకానిక్ చెప్పగానే కొనకండి. ముందు తీగలు చూడండి. టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా బూజులాగా పేరుకుని ఉంటుంది. తీగలు విప్పి (నెగటివ్ ముందు), వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, గరగరలాడేటట్టు రుద్ది, బిగించి, పైన కొద్దిగా వాజెలిన్ రాయండి. నీళ్ళు బ్యాటరీ లోపలికి పోకూడదు. బ్యాటరీ నుంచి ఇంజను బాడీకి పోయే ఎర్త్ తీగ రెండో కొన ఎవరూ చూడరు. అక్కడ పెయింటు, తుప్పు, బురద. నా అనుభవంలో ‘సెల్ఫ్ పోయింది’ అన్న బండ్లలో చాలావాటికి ఆ ఎర్త్ బోల్టు బిగిస్తే సరిపోయింది. తరువాత హైడ్రోమీటరుతో ఆసిడ్ గ్రావిటీ చూడాలి. నిండా చార్జి ఉంటే 1.250 పైన ఉంటుంది. 1.200 కంటె దిగితే చార్జికి పంపాలి. ఆరు గడులలో అయిదు బాగుండి ఒక్కటి బాగా తక్కువగా ఉంటే ఆ బ్యాటరీ పని అయిపోయిందని అర్థం. అప్పుడు కొనండి.

సెల్ఫ్ ఒకసారికి పది పదిహేను సెకండ్ల కంటె ఎక్కువ కొట్టకూడదు. తరువాత ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. ఆ రెండు నిమిషాలు ఆగే ఓపిక మనవాళ్ళకు లేదు. క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి, లేకపోతే చల్లారి చిక్కబడిన గేరు ఆయిలును కూడా పాపం ఆ సెల్ఫే తిప్పాలి. యాక్సిలేటరు సగం పైన పెట్టాలి. కొన్ని బండ్లకు హీటరు ప్లగ్గులు గాని, గాలి గొట్టంలో వేడి చేసే కాయిలు గాని ఉంటుంది. తాళంచెవి ఆ గుర్తు దగ్గర పదిహేను ఇరవై సెకండ్లు పట్టుకుని తరువాత తిప్పాలి. చాలా పాత బండ్లలో అది కాలిపోయి ఉంటుంది, తీగ పీకేసి ఉంటుంది. ‘మన దగ్గర దాని అవసరమేమి’ అంటారు. ఇంజను కొత్తగా ఉన్నంతకాలం నిజమే, అరిగిన తరువాత అవసరమే.

ఇంజనాయిలు సంగతి. వెనుకటి రోజుల్లో చలికాలానికి 30 నంబరు, ఎండాకాలానికి 40 నంబరు అని మార్చేవారు. ఇప్పుడు 15డబ్ల్యు-40 అని రెండు కాలాలకూ పనికివచ్చే ఆయిలు దొరుకుతున్నది. పాత బండి కదా అని చిక్కటి ఆయిలు పోస్తే పొగ తగ్గుతుందని కొందరి నమ్మకం. పొగ కొంత తగ్గుతుంది, పొద్దున బండి తిరగడం కూడా తగ్గుతుంది.

డీజిలు గురించి ఒక విషయం చాలామందికి తెలియదు. భారతీయ ప్రమాణాల ప్రకారం డీజిలుకు కాలాన్ని బట్టి రెండు హద్దులున్నాయి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు చలికాలపు హద్దు, మిగతా నెలలకు వేసవి హద్దు. ఫిల్టరులో మైనం పేరుకుని డీజిలు ఆగిపోయే ఉష్ణోగ్రత చలికాలపు డీజిలుకు 6 డిగ్రీలు మించకూడదు, వేసవి డీజిలుకు 18 దాకా ఉండవచ్చు. కనుక ఎండాకాలంలో డ్రమ్ములో నింపి దాచుకున్న డీజిలు డిసెంబరు తెల్లవారుజామున ఫిల్టరులో మొండికేస్తే ఆశ్చర్యం లేదు. చలికాలంలో కొత్తగా కొన్న డీజిలే వాడండి. ఇంకొకటి, సాయంత్రం పని అయిన తరువాత ట్యాంకు నింపి పెట్టండి. ఖాళీ ట్యాంకులోని గాలి తేమ రాత్రి చలికి నీటిచుక్కలై డీజిలులో కలుస్తుంది. వారానికొకసారి ఫిల్టరు గిన్నె అడుగు మర విప్పి నీళ్ళు వదలాలి.

గాలి పడితే ఫిల్టరు మరలు, పంపు మర వరుసగా విప్పి చేతి పంపు కొట్టి నురగ లేని డీజిలు వచ్చేదాకా వదలడం మీలో చాలామందికి వచ్చు. ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను. చిమ్ముతున్న నాజిలు ముందు చెయ్యి పెట్టి చూడకండి. అక్కడి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోలు. డీజిలు చర్మంలో గుచ్చుకుని లోపలికి పోతుంది. సూదిమొన గాయంలాగా కనిపిస్తుంది గాని, చెయ్యి పోయేంత ప్రమాదం. వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి.

ఇక మన ఊళ్ళలోని చిట్కాలు. రేడియేటరు నీళ్ళు వదిలి వేడినీళ్ళు పోయడం మంచిదే, మరిగే నీళ్ళు కాకుండా చెయ్యి పట్టేంత వేడి. ఏటవాలు మీద నిలిపి పొద్దున దొర్లించి స్టార్ట్ చేయడం కూడా మంచిదే, బ్రేకులు బాగుంటే, కింద మనుషులు లేకపోతే. మన దక్కను నేలలో వాలు వెతుక్కోనక్కరలేదు, అందుకే మన దగ్గర బ్యాటరీ లేకుండా ఏళ్ళ తరబడి నడిచిన బండ్లున్నాయి. ఇంజను కింద గడ్డి మంట పెట్టడం మహా చెడ్డ పని. కారిన ఆయిలు, డీజిలు, రబ్బరు గొట్టాలు అన్నీ అక్కడే ఉంటాయి. ఎయిర్ క్లీనరు దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టడం ఇంకా చెడ్డ పని. అది వేళ కాని వేళ మండి పిస్టన్లు పగులుతాయి. హీటరు ఉన్న బండిలో పేలుతుంది.

అన్నిటికంటె ప్రాణాంతకమైనది ‘డైరెక్ట్ కొట్టడం’. తాళంచెవి పనిచేయకపోతే కింద నిలబడి సెల్ఫ్ మోటారు మీద స్క్రూడ్రైవరు అడ్డంగా పెట్టి తిప్పుతారు. బండి గేరులో ఉన్నదీ లేనిదీ కిందినుంచి తెలియదు. మా పొలం పక్క రైతు దగ్గర పనిచేసే కుర్రవాడు ఒక జనవరి పొద్దున అట్లా చేశాడు. బండి పట్టుకున్నది, గేరులో ఉన్నది. వెనుక చక్రం ముందే అతను నిలబడి ఉన్నాడు. ఇద్దరం పరుగెత్తి వెళ్ళేసరికి చక్రం అతని కాలు దాటి పోయి గట్టుకు తగిలి ఆగింది. బతికాడు, కాలు మాత్రం ఇప్పటికీ ఈడుస్తాడు. ఆ బండికి కావలసింది కొత్త స్విచ్చి ఒక్కటే. నాట్లు అయిన తరువాత వేద్దామని రెండు నెలల నుంచి వాయిదా వేస్తున్నారు. స్విచ్చి చెడితే ఆ రోజే వేయించండి. మన పిల్లలు గాని, జీతగాడు గాని డైరెక్ట్ కొడుతుంటే చూస్తూ ఊరుకోకండి, పెద్దవాళ్ళు చెబితే ఇంకా వింటారు.

ఇక హ్యాండిలు తిప్పే మా మిత్రుడికి. అన్నగారూ, పేరు చెప్పడం లేదు. పాత ఆయిల్ ఇంజన్లకు కంప్రెషన్ వదిలే లివరు ఉండేది, చక్రం వేగం అందుకున్న తరువాత దాన్ని వదిలేవాళ్ళము. అందుకే బావి దగ్గర ఒంటి మనిషి తిప్పగలిగేవాడు. మూడు సిలిండర్ల ట్రాక్టరు సంగతి అది కాదు. ఎదురు తన్నితే మణికట్టు విరుగుతుంది. బొటనవేలు హ్యాండిలుకు అటువైపు ఉంటే అది కూడా. అంతకంటె ముఖ్యం, చలి పొద్దున రక్తనాళాలు ముడుచుకుని బి.పి. పెరుగుతుంది, గుండెపోట్లు చలికాలంలో ఎక్కువని డాక్టర్లు చెబుతున్నారు. ఆ సమయంలో ఖాళీ కడుపుతో, ఊపిరి బిగబట్టి, బలమంతా పెట్టి తిప్పడం డెబ్భై దాటినవాళ్ళకు తగదు. మా మనుమడు నన్ను ఆ హ్యాండిలు దగ్గరికి రానివ్వడు. ‘నువ్వు జరుగు తాతా, పొగ ఏ రంగో చూసి చెప్పు చాలు’ అంటాడు. నాకు అప్పగించిన ఉద్యోగం అది. జీతం లేదు, రిటైర్మెంటు లేదు.

బ్యాటరీ, తీగలు, ఆయిలు, డీజిలు అన్నీ బాగుండి, సెల్ఫ్ చురుకుగా తిప్పుతున్నా తెల్లపొగ మాత్రమే వస్తుంటే ఇంజను విప్పించవలసిందే. బ్రీదరు గొట్టం నుంచి గుప్పుగుప్పున పొగ వస్తే రింగులు అయిపోయినట్టు. ముందు వాల్వుల గ్యాప్ సరిచేయించి, నాజిళ్ళు పరీక్ష చేయించండి, అది తక్కువ ఖర్చు. అది చాలకపోతేనే రింగులు, లైనర్లు. ఈ పని వేసవిలో చేయించాలి, నాట్ల ముందు కాదు. మన చింతల్ దగ్గర ఉన్నవాళ్ళకు హెచ్.ఎం.టి. మీద అభిమానం ఉంటుంది, వాళ్ళ ట్రాక్టర్లు ఇంకా చాలా ఊళ్ళలో నడుస్తున్నాయి. పింజోరులో 1971లో మొదలుపెట్టిన ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. అటువంటి బండి ఉన్నవాళ్ళు సామాను దొరికినప్పుడే తీసి పెట్టుకోవడం మంచిది.

పట్టుకున్న తరువాత వెంటనే యాక్సిలేటరు మొత్తం లేపకండి. ఆయిలు పైదాకా ఎక్కడానికి సమయం ఇవ్వండి. ఆయిలు ప్రెషరు ముల్లు లేచిందా చూసి, రెండు మూడు నిమిషాలు మామూలుగా తిరగనిచ్చి, తరువాత తేలిక పనితో మొదలుపెట్టండి. షెడ్డులో ఉంటే తలుపులు తెరిచి బండిని బయటికి తీయండి, చలి అని తలుపులు మూసి లోపల నడపకండి. ఆ పొగ విషం.

ఇందాక టీ దగ్గర ఒక సోదరి అడిగారు, రాత్రి బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టుకుంటే మంచిదేనా అని. మంచిదేనమ్మా, వెచ్చగా ఉన్న బ్యాటరీ పొద్దున బాగా తిప్పుతుంది, దొంగల భయం కూడా ఉండదు. కాని అది బరువైన వస్తువు, మీరు గాని, మీవారు గాని ఎత్తకండి, చిన్నవాళ్ళతో మోయించండి. దేవుడి గదిలో, దీపం దగ్గర పెట్టకండి, దాని నుంచి మండే వాయువు వస్తుంది.

నా హైడ్రోమీటరు ఈ బల్ల మీద పెట్టాను. కావలసినవాళ్ళు తీసుకువెళ్ళి బ్యాటరీ చూసుకుని వచ్చే నెల మీటింగుకు తిరిగి తీసుకురండి. పేరు, తేదీ ఈ నోటు పుస్తకంలో రాసి సంతకం చేయండి. గాజుది, జాగ్రత్త.

సెలవు.